మా కంప్యూటర్‌కి నత్తి వచ్చిన దాళ్వా

మా ఇంట్లో నత్తి నాకొక్కడికే ఉండేది. నాకు పాతికేళ్లు నిండిన ఏడు, దాళ్వా, అంటే రెండో పంట, చేలు గింజ పోసుకుంటున్న రోజుల్లో, మా కంప్యూటర్‌కి కూడా వచ్చింది.

వేళాకోళానికి అనడం లేదు. ఆ పూట తెర మీద, నా నత్తికి వైద్యం చేసే మాటల డాక్టరమ్మ నోరు తెరిచి "విద్యా... విద్యా... విద్యా..." అని మూడుసార్లు ఆగింది. బొమ్మ బిగుసుకుపోయింది. స్పీకర్లు గరగరలాడాయి. ఆవిడతో పాటు చదువుతున్న నేను కూడా అక్కడే, ఆ "విద్యా" దగ్గరే, ఇరుక్కుపోయాను. వంటింట్లోంచి అమ్మ వచ్చి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఎవర్ని ఓదార్చాలో ఆవిడకి తెలియలేదు.

ముందు నాన్న గురించి చెప్పాలి. నాన్న కాలువ లాకుల దగ్గర లస్కరు. పైవాళ్లు చెప్పిన లెక్కన తలుపులు ఎత్తడం, దించడం, గట్టు మీద సైకిలేసుకుని తూములు చూసి రావడం ఆయన పని. లాకుల పక్కనే రెండు గదుల క్వార్టర్లో ఉండేవాళ్లం. దాళ్వాలో నీళ్లు వంతులవారీగా వదులుతారు. కాలువకి చిట్టచివర, శివారులో పొలాలున్న రైతులు మా గుమ్మం ముందుకొచ్చి కేకలేసేవారు.

"ఏమండీ లస్కరు గారూ, మా వంతు వచ్చి పూటయిందండి. చుక్క రాలేదు. పడుకున్నారా ఏంటి?"

నాన్న గొంతు పెంచడం నేనెప్పుడూ వినలేదు. ఎంత పెద్ద ఆసామి వచ్చినా ఒకటే జవాబు.

"బయల్దేరిందండి. దారిలో ఉంది."

ఆ జవాబు వింటే నాకు ఒళ్లు మండేది. నాలుగు తిట్టకుండా ఈ సాధుత్వం ఏమిటని లోపల్లోపల ఉడికిపోయేవాణ్ని. నాకు ముక్కు మీద కోపం. బయటికి రావడానికి మాటే అడ్డం.

నేను మాట మధ్యలో ఆగిపోతే లోకమంతా నా మాట పూర్తిచేసేది. అమ్మ ప్రేమకొద్దీ పూర్తిచేసేది. మాస్టార్లు టైము లేక పూర్తిచేసేవారు. ఒక బస్సు కండక్టరు నేను "రా..." అనగానే రాజమండ్రికి టిక్కెట్టు చింపి చేతిలో పెట్టాడు. నేను వెళ్లాల్సింది రావులపాలెం. నాన్న ఒక్కరే ఏనాడూ నా మాట పూర్తిచేయలేదు. చేతిలో పని ఆపి, నా మొహం వంక చూస్తూ ఆగేవారు. ఎంతసేపైనా సరే. చిన్నప్పుడు అదీ నాకు నచ్చేది కాదు, సాయం చేయకుండా చోద్యం చూస్తున్నారనుకునేవాణ్ని.

లెక్కల్లో ఎమ్మెస్సీ చేసి, ఎవరితోనూ మాట్లాడనక్కర్లేదని ఏరికోరి, ఒక రైస్ మిల్లు ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చున్నాను. వాళ్లు కొత్తది కొన్నప్పుడు పాతది నాకిచ్చేశారు. పాఠం చెప్పాలని మాత్రం లోపల పిచ్చి కోరిక. ఇంట్లో తలుపు మూసుకుని బీరువాకి త్రికోణమితి చెప్పేవాణ్ని. బీరువా ముందు నత్తి రాదు.

రాజమండ్రిలో ఒక జూనియర్ కాలేజీ నుంచి పిలుపొచ్చింది. మూడు వారాల్లో డెమో క్లాసు. పిల్లల ముందు అరగంట పాఠం చెప్పాలి, వెనక బెంచీలో ప్రిన్సిపాల్ కూర్చుని వింటారు. కాకినాడలో మాటల డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ ఒక కిటుకు చెప్పారు. నత్తి ఉన్నవాళ్లు ఇంకొకరితో గొంతు కలిపి చదివితే ఆగరట. నిజంగానే ఆవిడతో కలిసి చదివితే నా మాట తడబడలేదు. జీవితంలో మొదటిసారి నా గొంతు ఆగకుండా వినిపిస్తే నాకు ఏడుపొచ్చింది. నేను రాసుకున్న డెమో పాఠాన్నే ఆవిడ కెమెరా ముందు నిదానంగా చదివి సీడీ చేయించి ఇచ్చారు. "రోజూ రెండు పూటలా నాతో కలిసి చదవండి. మీ నోటికి దారి అలవాటవుతుంది" అన్నారు.

వారం రోజులు బ్రహ్మాండంగా సాగింది. ఎనిమిదో రోజు కంప్యూటర్‌కి నత్తి పట్టుకుంది.

సీడీని సబ్బుతో కడిగాను. ఎవరో చెబితే టూత్ పేస్టు రాసి తుడిచాను. టౌన్లో కంప్యూటర్ షాపుకి మోసుకెళ్తే అతను వీడియో ప్లేయర్ మార్చాడు, సౌండ్ డ్రైవర్ తీసి మళ్లీ వేశాడు, చివరికి చేతులు దులుపుకున్నాడు. "పాత సిస్టమ్ అండి, వీడియో లాగలేదు. సీడీ కూడా పోయినట్టుంది." పోయిన వారమంతా లాగిన సిస్టమ్ ఈ వారం ఎందుకు లాగదని అడగబోయాను. "పో..." దగ్గరే ఆగిపోయాను. "పోయిందండి, అవును" అన్నాడు. కంప్యూటర్ ఎత్తుకుని ఇంటికొచ్చేశాను.

ఆ సాయంత్రం దాన్ని మంచం కింద పడేసి, కాలేజీకి రానని ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. నాన్న గట్టు మీంచి వచ్చి కాళ్లు కడుక్కుని నా ఎదురుగా కూర్చున్నారు. ఐదో తరగతి చదివిన మనిషి. కంప్యూటర్‌ని అంతవరకూ ముట్టుకోలేదు.

"ఆ బొమ్మ ఎక్కణ్నుంచి బయల్దేరి ఎక్కడికి వస్తందిరా? కాయితం మీద గియ్యి" అన్నారు.

విసుగ్గానే ఉత్తరం కాగితం తిరగేసి గీశాను. సీడీ, దాన్ని చదివే డ్రైవు, అక్కణ్నుంచి లోపలికి తీగ, ప్రాసెసరు, చివర తెరా స్పీకర్లూ. నాన్న ఆ గీత మీద వేలు పెట్టి కుడి నుంచి ఎడమకి నడిపించారు.

"నీళ్లు అందట్లేదని చెప్తే తలకాడికి పరిగెత్తకూడదు. శివారు నుంచి ఎగువకి నడుచుకుంటూ రావాలి. ఎక్కడిదాకా బాగుందో చూసుకుంటా వస్తే, బాగోనిది అదే కాళ్లకి తగులుతుంది."

షాపతను సంగతేమో గానీ, నాకైతే ఆ ముక్క ముందే తట్టనందుకు సిగ్గేసింది. లెక్కలు చదివింది నేను.

కంప్యూటర్ మళ్లీ బల్ల ఎక్కింది. నాన్న మొదటి ఆలోచన ఫలించలేదు. అది కూడా చెప్పాలి. "వంతు పెడదాం. మిగతా తూములన్నీ మూసెయ్" అన్నారు. నడుస్తున్న ప్రోగ్రాములన్నీ ఒక్కొక్కటే మూశాను, వైరస్ కాపలాతో సహా. డాక్టరమ్మ రెండు వాక్యాలు ఎక్కువ చదివి మళ్లీ బిగుసుకుపోయింది. నాన్న ఏమీ అనుకోలేదు. "సరే, నడుద్దాం పద" అన్నారు.

శివారు నుంచి మొదలెట్టాం. హార్డ్ డిస్కులో దాచుకున్న పాత పాట వీడియో ఒకటి వేస్తే, తెరా స్పీకర్లూ చక్కగా పలికాయి. అంటే శివారుకి దోషం లేదు. సీడీ పట్టుకుని లాకుల దగ్గర టీ కొట్టుకి వెళ్లాం. అక్కడ టీవీ, సీడీ ప్లేయరూ ఉన్నాయి. సినిమా ఆపి త్రికోణమితి పెట్టించారు నాన్న. డాక్టరమ్మ గడగడా చదివేసింది. టీ తాగేవాళ్లు పాఠమంతా నోరెళ్లబెట్టి విన్నారు. "ఇదేం సినిమా అండి?" అని ఒకాయన అడిగాడు. అక్కడే కూర్చుని ఆవిడతో పాటు చదువుకోవచ్చు కదా అంటే, ఆ పది మంది ముందు నోరు తెరవడం కంటే కాలువలో దూకడం సుఖం.

"తల బాగుంది, శివారు బాగుంది" అన్నారు నాన్న తిరిగొస్తూ. "మధ్యలో ఎక్కడో నీళ్లకి అడ్డంగా గుర్రపుడెక్క పట్టేసింది."

మధ్యలో చూడటానికి సీడీలో పాఠాన్ని హార్డ్ డిస్కులోకి కాపీ చేయబోయాను. డిస్కు నిండిపోయి ఉంది, అంత పాఠం పట్టలేదు. చిన్న ముక్క ఒకటి కాపీ పెడితే, అదీ కదలదే. మౌసు బాణం కూడా ఈడ్చుకుంటూ నడిచింది. ప్రాసెసరు ఎంత పనిలో ఉందో చూపించే కిటికీ తెరిచాను. ఆకుపచ్చ గీత పైకప్పుకి అంటుకుని ఉంది.

"అదేంటి?" అన్నారు నాన్న.

"ప్రా... ప్రా... ప్రాసెసరు. పూర్తిగా ప... పనిలో ఉంది."

ఆగారు, విన్నారు, ఆలోచించారు.

"సీడీ చదవడం డ్రైవు పని అన్నావ్. మరి మధ్యలో ఇదెందుకు రొప్పుతుంది?"

నేను గీసిన కాగితం మళ్లీ ముందుకు లాక్కున్నాను.

"కాలవ దానంతటది పారాల్సిన చోట ఎవడో నిలబడి బిందెలతో మోస్తున్నాడ్రా" అన్నారు.

మర్నాడు టౌన్లో ఇంటర్నెట్ సెంటర్లో ఆ మాటనే నాకొచ్చిన ఇంగ్లీషులో కొట్టాను. బిందెలు తీసేసి, సీడీ చదువుతుంటే ప్రాసెసరు ఎందుకు నిండిపోతోందని అడిగాను. ఎక్కడివాడో, ఏ దేశంవాడో, ఒకాయన రాసిన జవాబు దొరికింది. మామూలుగా సీడీ సమాచారం ప్రాసెసరు చేయి పడకుండా తిన్నగా లోపలికి వెళ్తుంది. కానీ చదవడంలో వరసగా కొన్నిసార్లు తప్పులు తగిలితే, విండోస్ ఆ దారిని నమ్మడం మానేసి, కొంచెం కొంచెంగా ప్రాసెసరు చేతే మోయిస్తుంది. ఆ తర్వాత ఎంత మంచి సీడీ పెట్టినా తనంతట తాను పాత దారికి రాదు. బిందెల సంగతి మా నాన్న అక్షరం పొల్లుపోకుండా చెప్పారు!

తప్పులు ఎక్కడివో వెంటనే గుర్తొచ్చింది. కిందటి ఆదివారం బాబాయి వాళ్లు వచ్చినప్పుడు అద్దెకి తెచ్చిన సినిమా సీడీ, ఒళ్లంతా గీతలు. పతాక సన్నివేశం దగ్గర ఆగిపోతే పిల్లలు ఏడుస్తున్నారని గంటసేపు దాన్నే తీసి పెట్టి, తీసి పెట్టి చంపుకు తిన్నాం.

నేను ఆ కుర్చీలోంచి వెంటనే లేవలేదు. ఒక చెడ్డ సీడీ తగిలిందని, ఆ తర్వాత మంచివాటిని కూడా బితుకుబితుకుమంటూ చదివే ఆ డ్రైవు మీద నాకు జాలేసింది. ఆరో తరగతిలో లేచి నిలబడి పాఠం చదువుతుంటే క్లాసంతా నవ్విన రోజు నుంచి నేనూ అలాగే మాట్లాడుతున్నాను.

బాగుచేసే పద్ధతి కూడా ఆయనే రాశాడు. ఆ డ్రైవు తీగ తగిలించిన చానల్‌ని కంప్యూటర్‌లోంచి తీసేసి, ఆపి, మళ్లీ ఆన్ చేయాలి. అది కొత్తగా చూసినట్టు చూసి మంచి దారి ఇస్తుంది. ఇంటికొచ్చి అక్కడిదాకా వెళ్లాను గానీ, నొక్కడానికి వేలు రాలేదు. తీసేస్తే మళ్లీ రాకపోతే?

"ఏటా ఎండాకాలం కాలవలు కట్టేసి, బాగుచేసుకుని, మళ్లీ వదలట్లా? నొక్కు" అన్నారు నాన్న.

నొక్కాను. కంప్యూటర్ ఆగింది, లేచింది, కొత్త పరికరం దొరికిందని ఎంతో సంబరంగా చెప్పింది. సీడీ పెట్టాను. డాక్టరమ్మ నోరు తెరిచి "విద్యార్థులారా" అంది. నేనూ అన్నాను. పాఠం చివరిదాకా ఇద్దరం ఎక్కడా ఆగలేదు. అమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. నాన్న నా గీతల కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకుని సైకిల్ తీశారు. శివారులో ఎవరిదో వంతు ఆ పూట. రాయని ఉత్తరం అలా ఆయన జేబులో పోయింది.

డెమో రోజు నాటికి చేలు పండుబారి, కాలువలు కట్టేశారు. క్లాసులో నలభై మంది పిల్లలు. వెనక బెంచీలో ప్రిన్సిపాల్ గారు. "విద్యార్థులారా" బాగానే వచ్చింది. "ఈ రోజు మనం త్రి..." దగ్గర గొంతు మూసుకుపోయింది. పక్కన డాక్టరమ్మ లేదు. ముందు బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. ప్రిన్సిపాల్ గారు, పాపం మంచాయనే, నా మాట పూర్తిచేద్దామని నోరు తెరిచారు.

నాకు నాన్న కనిపించారు. గుమ్మంలో రైతులు కేకలేస్తుంటే నెమ్మదిగా చేయెత్తే నాన్న. నేనూ చేయెత్తాను.

"బయల్దేరిందండి" అన్నాను. "దారిలో ఉంది."

ఆ రెండు మాటలూ నా నోట్లోంచి జారిపడినట్టు వచ్చాయి. క్లాసంతా గొల్లుమంది. సగం మంది రైతుల పిల్లలు, నీళ్లడిగితే లస్కర్లు చెప్పే ఆ మాట దాళ్వాలో వాళ్ల ఇళ్లల్లో వినని రోజుండదు. అది ఆరో తరగతి నవ్వు కాదు, తేడా నాకు తెలుసు. ఆ నవ్వు మధ్యలో త్రికోణమితి దానంతటదే వచ్చింది. అరగంటలో ఇంకో నాలుగుసార్లు ఆగాను. నాలుగోసారి ముందు బెంచీ అమ్మాయి "దారిలో ఉందాండి, సార్?" అని అడిగింది. "ఉందండి" అన్నాను. ఉద్యోగం ఇచ్చారు.

బస్సు దిగి లాకుల దగ్గరికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. ఎండిన కాలువలో పిల్లలు ఆడుతున్నారు. నాన్న తలుపుల పళ్లచక్రాలకి గ్రీజు పెడుతున్నారు.

"ఏమైందిరా?"

"వచ్చింది, నాన్నా. మధ్యలో ఆగిపోతే నీ మాటే చెప్పాను."

"నా మాటేంటి?"

చెప్పబోయాను. క్లాసులో అంత తేలిగ్గా వచ్చింది, ఇక్కడ "బ..." దగ్గర పట్టేసింది. "బ... బ..." ముప్పై ఏళ్లుగా ఆయన రోజూ అంటున్న మాట. మొదటి అక్షరం వింటే చాలు, ఎవరైనా చెప్పేస్తారు.

నాన్న గ్రీజు డబ్బా కింద పెట్టి, నా వంక చూస్తూ ఆగారు.