సముద్రానికి తూము

ఆదోని బజారులో రేకుపని చేసే అబ్బాస్ అలీ సముద్రం చూడలేదు. అయినా కిరోసిన్ డబ్బాల రేకుతో బల్ల మీద మద్రాసు రేవు కట్టాడు: తాడేసి కట్టిన ఓడ, ఒడ్డున పట్టాలు, దూదిబేళ్లు లాగే జానెడు రైలు. ప్రతి చక్రాన్నీ ఊది, చెవి దగ్గర తిప్పి విని మరీ బిగించాడు. మద్రాసు చూసొచ్చిన పత్తి వ్యాపారి సుబ్బరామయ్య ఔనంటేనే అది రేవని అబ్బాస్ అలీ పట్టు. సుబ్బరామయ్య వచ్చి, వంగి చూసి, గట్టుకున్న రేకు తూము మీద వేలు పెట్టి పకాలున నవ్వాడు.

“సముద్రానికి తూమెందుకప్పా?”

“తూము లేకుంటే కింద సేన్లకు నీళ్లెట్ల పోతాయన్నా?”

“అవి ఉప్పునీళ్లు! పైరు సచ్చిపోతాది. మిగతాదంతా మద్రాసే పో.”

అబ్బాస్ అలీ గోరంత రేకు కత్తిరించి తూముకు తలుపు బిగించాడు. తూమును మాత్రం పీకలేదు.

“ఉప్పు తగ్గినాక తెరుస్తాలే అన్నా.”