మూడు అధ్యాయాలు లేని నవల

కోవిడ్ తర్వాత బళ్ళు పూర్తిగా తెరుచుకున్న ఏడాది సెప్టెంబరులో నన్ను కెనడాలో, బ్రాంప్టన్‌లోని ఒక హైస్కూలుకి టీచర్-లైబ్రేరియన్‌గా వేశారు. రిటైర్మెంటుకి ముందు అదే నా ఆఖరి పోస్టింగు. ఇక్కడ ఈ ఉద్యోగం పుస్తకానికి ముద్ర వేసి చేతికివ్వడం కాదు. ముందు టీచరు అర్హత ఉండాలి, ఆపైన లైబ్రరీ కోర్సులు చెయ్యాలి. ఏ పుస్తకం కొనాలి, ఏది తీసెయ్యాలి, ఎవరైనా ఒక పుస్తకం మీద అభ్యంతరం పెడితే ఏం చెయ్యాలి, అన్నీ మేమే చూసుకోవాలి. హోదాలో మా పైన డిపార్ట్‌మెంట్ హెడ్, వైస్ ప్రిన్సిపాల్, ప్రిన్సిపాల్ ఉంటారు. మాట పడవలసి వస్తే మాత్రం అందరికన్నా ముందు మేమే ఉంటాం.

మన తెలుగు తల్లిదండ్రులకి క్లాసిక్ నవలలంటే మహా గౌరవం. దూరం నుంచి దణ్ణం పెట్టే రకం గౌరవం. పేరెంట్స్ మీటింగు రోజున లైబ్రరీకి వచ్చి, "మా వాడికి లైఫ్ లెసన్స్ నేర్పే పుస్తకం ఏదైనా ఇవ్వండి మేడమ్" అని విటమిన్ మాత్రలు అడిగినట్టు అడిగేవారు. ఏ పాఠాలు కావాలో కూడా వాళ్ళే చెప్పేవారు. పెద్దల మాట వినాలి, కష్టపడి చదవాలి, ఫోను పక్కన పెట్టాలి. ఫోను పక్కన పెట్టడం గురించి గుర్రబ్బళ్ళ కాలం రచయిత ఏమన్నాడో నాకు తెలియదు.

వీళ్ళందరికీ పెద్ద సుధాకర్ గారు. పేరు మార్చాను. గుంటూరు వైపు మనిషి, ఐటీలో మేనేజరు, మా స్కూలు పేరెంట్ కౌన్సిల్‌కి చైర్. పిల్లలు పాడైపోతున్నారని, తను చదువుకునే రోజుల్లో చదివిన ఒక పాత ఇంగ్లీషు నవలని స్కూల్లో చదివించాలని కౌన్సిల్లో గంటసేపు మాట్లాడాడు. నవల పేరు చెప్పను. చెబితే చదవనివాళ్ళే ముందు అబ్బా అంటారు. ఒక రేవులో పడవ నడిపే ముసలి సరంగు, అతను చేరదీసిన అనాథ కుర్రాడు, ఇదీ కథ. కుర్రాడు సరంగుని చివరిదాకా కనిపెట్టుకుని ఉంటాడు. కృతజ్ఞత అంటే అదీ అన్నాడు సుధాకర్. నేను కొత్త ప్రతులు తెప్పించాను. మొదటి ప్రతి ఆయన కూతురు మేఘనకే ఇచ్చాను. పన్నెండో క్లాసు, నెమ్మదైన పిల్ల.

ఆ పిల్ల దాన్ని మూడుసార్లు రెన్యూ చేయించుకుంది. ఫిబ్రవరిలో ఒకరోజు లంచ్ టైములో నా గదికి వచ్చి తలుపు వెయ్యమంది. తర్వాత ఇంగ్లీషులో చెప్పింది.

అక్టోబరులో వాళ్ళ నాన్న కారు ఒకామెని గుద్దింది. ఆమె వేర్‌హౌస్ షిఫ్టుకి బస్సెక్కడానికి రోడ్డు దాటుతోంది. ఇక్కడ ఎర్ర లైటున్నా, పూర్తిగా ఆగి, ఎవరూ లేరని చూసుకుని కుడివైపు తిరగవచ్చు. సుధాకర్ ఆగలేదు, చూడలేదు. ఆమెకి తుంటి ఎముక విరిగింది. పోలీసులు వస్తే తను ఆగాననీ, ఆవిడే సిగ్నల్ లేకుండా పరుగెత్తిందనీ చెప్పాడు. పక్క సీట్లో ఉన్న మేఘన అవునంది. దెబ్బ తగిలినామె అప్పటినుంచి పనికి వెళ్ళలేక మంచంలో ఉంది. తప్పు ఆమెదేనని తేలితే నష్టపరిహారం మాట అంతే.

ఇప్పుడు మేఘన పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి మాట మార్చాలనుకుంటోంది. ఇంట్లో తెలుసా అని అడిగాను.

"ముందు నాన్నకే చెప్పాను మిస్. పుస్తకంలో వాడు కూడా కోర్టుకి వెళ్ళే ముందు సరంగుకే చెబుతాడు కదా."

ఇలాంటివాటిలో టీచరు సలహా ఇవ్వకూడదు, గైడెన్స్ కౌన్సిలర్ దగ్గరికి పంపాలి. పంపాను. ఆ పిల్ల మీద నాకు కలిగిన గౌరవం మాత్రం ఏ రూలూ అడ్డుకోలేదు. ఆ వారంలోనే కౌన్సిలర్‌ని తోడు తీసుకుని వెళ్ళి నిజం చెప్పి వచ్చింది.

మరో పది రోజులకి సుధాకర్ అభ్యంతరం పెట్టాడు. తన కారు మీద కాదు, నవల మీద. పిల్లల్ని తల్లిదండ్రుల మీదికి ఉసిగొల్పుతోందట, లైబ్రరీలోంచి తీసెయ్యాలట. అభ్యంతరం ఫారంలో, మొత్తం పుస్తకం చదివారా అన్న ప్రశ్నకి అవునని రాశాడు.

అభ్యంతరం వస్తే దానికో పద్ధతి ఉంది. వైస్ ప్రిన్సిపాల్, ఇంగ్లీషు హెడ్, లైబ్రేరియన్, మరో పేరెంటు కలిసి కమిటీ. కమిటీలో ప్రతివాళ్ళూ పుస్తకం మొదటినుంచి చివరిదాకా చదవాలి. తేలేదాకా పుస్తకం బీరువాలోనే ఉంటుంది, ఎవరడిగినా ఇవ్వాలి. అభ్యంతరం పెట్టినవాళ్ళు వచ్చి తమ వాదన చెప్పుకోవచ్చు. పుస్తకం మనకి నచ్చిందా లేదా అన్నది లెక్కలోకి రాదు, ఆ వయసుకీ ఆ చదువుకీ తగినదా కాదా అన్నదే చూస్తారు.

సుధాకర్ కోటు వేసుకుని వచ్చాడు. నవలలోని కృతజ్ఞత గురించి చాలా బాగా మాట్లాడాడు. ఇంత మంచి పుస్తకం ఇస్తే స్కూల్లో దాన్ని తప్పుగా బోధించారన్నాడు. మరి కోర్టు అధ్యాయాల సంగతేమిటని ఇంగ్లీషు హెడ్ అడిగింది. కుళ్ళిపోయిన తాడుతో సరంగు పడవ నడుపుతాడు, మనుషులు మునిగిపోతారు, కుర్రాడు కోర్టులో నిజం చెబుతాడు. సరంగు రేవు పోగొట్టుకుంటాడు, కుర్రాడు కూలి చేసి అతన్ని పోషిస్తాడు. నవలకి ఆయువుపట్టు అదే.

ఆ పుస్తకంలో కోర్టే లేదన్నాడు సుధాకర్. ఈ దేశంలో క్లాసిక్కుల్ని కూడా ఇష్టమొచ్చినట్టు తిరగరాస్తున్నారన్నాడు. సాక్ష్యంగా బ్యాగులోంచి ఒక సన్నటి పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు. చూడగానే గుర్తుపట్టాను. ఇంటర్మీడియట్లో మాకు నాన్-డిటెయిల్‌గా పెట్టిన సంక్షిప్త ప్రతి. నేనూ విజయవాడలో అదే చదివి పాసయ్యాను. పుస్తకం బరువు తగ్గించాలని సంక్షిప్తం చేసినవాడెవడో పడవ ప్రమాదాన్నీ కోర్టునీ కోసేశాడు. మిగిలింది ముసలాయనకి దుప్పటి కప్పే కుర్రాడు. అందులోంచి వచ్చే ప్రశ్న ఒక్కటే, కుర్రాని కృతజ్ఞతను గూర్చి వ్రాయుము. దానికి జవాబు బట్టీ కొట్టి ఫస్టుక్లాసు తెచ్చుకున్న మనిషి, ఆ ఒక్క జవాబుతోనే ఇంతకాలం సంస్కారవంతుడిగా చలామణీ అయ్యాడు. మన సాహిత్యాభిమానం చాలామందిలో ఇంతే. పరీక్షకి అక్కర్లేనిదేదీ పుస్తకంలో ఉండదనుకుంటారు.

మిగతావాళ్ళు మొహాలు చూసుకున్నారు. సుధాకర్ నావైపు తిరిగి తెలుగులోకి దిగాడు.

"మీరూ మనవాళ్ళే కదా మేడమ్. మీరైనా చెప్పండి వాళ్ళకి."

"వాళ్ళకి చెప్పక్కర్లేదు సుధాకర్ గారూ, వాళ్ళు చదివారు. మీ పుస్తకంలో లేని మూడు అధ్యాయాలు మీ అమ్మాయి కూడా చదివింది."

అదే మాట ఇంగ్లీషులో కమిటీకి కూడా చెప్పాను, మినిట్స్‌లో ఉండాలి కనక. ఆయన సన్నటి పుస్తకం బ్యాగులో పెట్టుకుని వెళ్ళిపోయాడు. నవల ఉండవలసిందేనని నలుగురం ఒకే మాటగా తేల్చాం. స్కూలు బోర్డుకి అప్పీలు చేసుకునే హక్కు ఆయనకుంది, చేసుకోలేదు. అప్పీలు చెయ్యాలంటే చదవాలి కదా.

పోలీసులు ఆయన మీద కేసు పెట్టారు. ఆ కార్మికురాలి క్లెయిము ముందుకు కదిలింది. ఈ రెండూ మేఘన గ్రాడ్యుయేషన్ ముందు పుస్తకాలు తిరిగివ్వడానికి వచ్చినప్పుడు చెప్పింది. నాన్న మాట్లాడుతున్నారా అని అడిగాను. లేదంది. అయినా రోజూ పొద్దున్నే తనే కాఫీ పెట్టి ఆయన బల్ల మీద ఉంచుతోందట. తాగుతున్నారా అంటే తాగుతున్నారంది. కూతురితో మాట మానేసిన పెద్దమనిషి ఆ పిల్ల చేతి కాఫీ మాత్రం మానలేదు. కృతజ్ఞత గురించి కౌన్సిల్లో గంటసేపు మాట్లాడింది ఈయనే.

ఈ వ్యవహారం వల్ల నేను తెలుసుకున్నది ఇంతే. మంచి నవల జీవితపాఠం నేర్పుతుంది, కానీ ఏ పాఠం నేర్పాలో పుస్తకం చేతికిచ్చినవాళ్ళు నిర్ణయించలేరు. దానికి సిద్ధపడని పెద్దలు పిల్లలకి నవలలు సిఫారసు చెయ్యకపోవడం మంచిది. ఆ తర్వాత విలువలు నేర్పే పుస్తకం కావాలని ఎవరొచ్చినా, అదే నవల సంక్షిప్తం కానిది తీసి చేతికిచ్చి, ముందు మీరు చదివి తీసుకురండి, అప్పుడు మీ పిల్లలకిస్తాను అనేదాన్ని. నేను రిటైరయ్యే రోజుదాకా ఒక్కరూ దాన్ని ఇంటికి తీసుకెళ్ళలేదు.