రెండు బస్తాల కొలిమి ధూళి

తొంభైల చివర్లో నేను బందరులో ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాణ్ణి. ఎం.ఫిల్.కి పేరు నమోదు చేయించుకుని రెండేళ్లయినా దేనిమీద చేయాలో తేల్చుకోలేదు. ఎవరైనా అడిగితే మాత్రం "పరిశోధనలో ఉన్నానండీ" అని, రాత్రంతా నిద్ర లేనివాడిలా కళ్లు నులుముకుంటూ చెప్పేవాణ్ణి.

గుడివాడ దాటాక, పాత ఇనుము కరిగించి కడ్డీలు పోసే చిన్న కర్మాగారం ఒకటుండేది. దాని ఓనరు ఒకప్పుడు వ్యవసాయం చేసినాయనే. కొలిమిలోంచి లేచే పొగను పెద్ద పెద్ద గుడ్డసంచుల గుండా లాగితే, అందులోని ధూళి సంచులకు పట్టి నిలిచిపోయేది. గోధుమరంగులో, ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తగా ఉండేది. దాన్ని ఇష్టం వచ్చినచోట పారబోయకూడదని కాలుష్య నియంత్రణవాళ్లు చెప్పివెళ్లారట. ఆయన నాకు కబురు పెట్టాడు.

"మాస్టారూ, ఇందులో ఏముందో, దీన్నేం చేసుకోవాలో కాస్త చూసిపెట్టండి."

అలా నా పరిశోధనకు వస్తువు దొరికింది. డబ్బాడు ధూళి తెచ్చి ఆమ్లంలో కరిగించి చూశాను. జింకు బోలెడంత ఉంది! రేకులకు పూసిన జింకు కొలిమి వేడికి ఆవిరై, చల్లబడి, ధూళిలో చేరుతుంది. అది నాకు అర్థమైన మొదటి సంగతి. నేను అక్కడితో ఆగిపోయాను.

ఎందుకంటే నాగాయలంకలో మా మావయ్య వరికి జింకు లోపం. కిందటి పంటలో ఆకుల మీద తుప్పు మచ్చలొచ్చి దుబ్బులు గిడసబారాయి. ఇక్కడ జింకు పారబోస్తున్నారు, అక్కడ జింకు లేక పైరు ఎండుతోంది. ఇంత తేలిక విషయం ప్రపంచంలో నాకొక్కడికే తట్టిందని ఆ వారమంతా అద్దంలో నన్ను నేను గౌరవంగా చూసుకున్నాను.

ఓనరు దగ్గర రెండు బస్తాలు అడిగి తీసుకుని నాగాయలంక బస్సెక్కాను. అవనిగడ్డ చేరేసరికి ఒక బస్తా కుట్టు విడిపోయింది. నా తెల్లచొక్కా, పక్కనున్న పెద్దాయన పంచె ఒకే రంగుకు తిరిగాయి. ఆయన దులుపుకుంటుంటే "భయం లేదండీ, ఇది జింకు" అని ధైర్యం చెప్పాను.

మావయ్య పిడికెడు తీసి చూసుకున్నాడు.

"ఏరా అల్లుడూ, ఇది మంచిదేనా?"

"నేను పరీక్ష చేశాను కదా మావయ్యా."

అత్తయ్య మాత్రం గడప దగ్గరే ఉండి, "ఇనుప కొలిమి మసి పొలంలో చల్లుతారా ఎక్కడైనా?" అంది. సైన్సు తెలియనివాళ్లను ఓర్పుతో చూడాలనుకుని నవ్వి ఊరుకున్నాను.

తిరిగొచ్చాక కాలేజీలో మా సీనియరు మేడంగారికి నా లెక్కలన్నీ చూపించాను. ఆవిడ కళ్లజోడు సర్దుకుని చివరిదాకా చదివింది.

"సీసం చూశారా?"

"లేదండీ."

"ఎందుకని?"

"నాకు కావలసింది జింకు కదండీ."

ఈ జవాబు ఎంత ఘనంగా ఉందో చెప్పాకగాని నాకు వినపడలేదు. ఆవిడ నా డబ్బాలోంచే చెంచాడు ధూళి తీసి, పలచని ఆమ్లంలో కలిపి, వడగట్టి, ఆ నీళ్లలో నాలుగు చుక్కల క్రోమేటు వేసింది. పరీక్షనాళికలో చిక్కటి పసుపు దిగింది. అది సీసం గుర్తు. ఏటా ఇంటర్ పిల్లలకు ఆ పరీక్ష నేర్పేది నేనే.

"పొలంలో వేస్తే నేలలో ఉండిపోతుందండీ. కాడ్మియం కూడా ఉండొచ్చు, అది బియ్యంలోకి ఎక్కుతుంది. ఎవరికీ ఇవ్వలేదు కదా?"

బస్టాండుకు పరుగెత్తాను.

నేను వెళ్లేసరికి మావయ్య ఒక బస్తా విప్పి నారుమడిలో ఒక మూల చల్లేశాడు. ఇంకా నీళ్లు పెట్టలేదు, విత్తనం చల్లలేదు. అదొక్కటే అదృష్టం. ఉన్న విషయం చెప్పేశాను.

"అయితే ఇది విషమా?" అన్నాడు మావయ్య.

"అవును మావయ్యా."

"నువ్వు పరీక్ష చేశానన్నావు?"

"సగమే చేశాను."

ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. లోపలికెళ్లి రెండు పారలు తెచ్చాడు. ముక్కులకు తువ్వాళ్లు కట్టుకుని, ధూళి లేవకుండా నీళ్లు చిలకరిస్తూ, ఆ మూలంతా బెత్తెడు లోతున గీకాం. అరచేతులు బొబ్బలెక్కాయి. అత్తయ్య ఖాళీ గోతాలు అందించింది. ముందే చెప్పానని ఒక్కసారైనా అనలేదు. సాయంత్రానికి విప్పని బస్తాతో కలిపి పద్దెనిమిది తేలాయి. ఓనరుకు ఫోను చేసి బతిమాలుకుంటే లారీ పంపాడు.

గుడివాడలో దించుతుంటే ఆయన వరసగా లెక్కబెట్టాడు.

"మాస్టారూ, రెండు బస్తాలు పట్టుకెళ్లి పద్దెనిమిది తెచ్చారు. రీసైక్లింగ్ అంటే ఇదేనాండీ?"

ఆ మట్టిని రేకులషెడ్డులో విడిగా పెట్టించాం. ఇలాంటి వ్యర్థాల్ని పూడ్చే చోటుకి అది వెళ్లేదాకా రోజూ మనసులో మెదిలేది.

ఆ తర్వాత మేడంగారు చెప్పినట్టు మొదటినుంచీ మొదలుపెట్టాను. ధూళిలో ఉన్నవన్నీ చూశాను, నాకు నచ్చనివి కూడా. దాన్ని సున్నం, బెల్లపుమడ్డితో ఉండలు చుట్టి మళ్లీ కొలిమిలోనే వేస్తే, ఇనుము కొంత తిరిగొస్తుంది, మళ్లీ సంచులకు పట్టే ధూళిలో జింకు వాటా పెరుగుతుంది. అప్పుడు జింకు తీసే ఫ్యాక్టరీలు దాన్ని తీసుకుంటాయి. పుస్తకంలో ఇంతే ఉంది. మొదటి ఉండలు తడారకముందే ఉత్సాహంగా కొలిమి దగ్గరికి తీసుకెళ్తే, అక్కడి మేస్త్రీ నా భుజం పట్టుకుని వెనక్కి లాగాడు.

"తడివి వేస్తే పేల్తాయండీ. మీరు అక్కడ కూర్చోండి సార్."

కూర్చున్నాను. ఉండలు వారంరోజులు ఎండాకే లోపలికెళ్లాయి. కొన్ని నెలలకు, అనుమతి కాగితాలన్నీ వచ్చాక, టార్పాలిన్ గట్టిగా బిగించిన లారీ ఒకటి ఆ ధూళితో జింకు ఫ్యాక్టరీకి బయల్దేరింది. నా ఎం.ఫిల్. కూడా ఎలాగో ఒడ్డున పడింది.

మావయ్య ఎరువుల కొట్లో జింక్ సల్ఫేట్ కొనుక్కుని చల్లుకున్నాడు. పైరు పచ్చగా లేచింది. గీకిన మూల మట్టిని మేడంగారు పరీక్ష చేసి ఫర్వాలేదన్నా, ఆ ఏడాది అక్కడ ఏమీ వేయలేదు. వెళ్లినప్పుడల్లా ఆ గట్టు మీద కాసేపు నిలబడేవాణ్ణి. చుట్టూ అంత పచ్చదనంలో, నాలుగు మంచాలంత బోసినేల.