సులోచన మేడమ్ వెళ్లకుండానే చూసొచ్చిన ఊరు

తొడుగు వేసుకున్న చేతుల మీద స్పిరిట్ చల్లుకుంటే ఆ చల్లదనం ముందు వేళ్లకు, తరువాత పళ్లకు తెలుస్తుంది. పళ్లకెందుకని అడగకండి, నాకూ తెలియదు. ఐర్లాండ్‌లోని ఈ చిన్న ఊళ్లో, ఇంజెక్షన్ల ఫ్యాక్టరీలో, రోజూ పొద్దున ఆ చలి తగలగానే నా వెనుక ఎవరో ఊపిరి బిగబట్టి నిలబడ్డట్టు ఉంటుంది. తిరిగి చూడను. చూస్తే అక్కడ సులోచన మేడమ్ ఉండరు, ఆ సంగతి నాకు తెలుసు. అయినా "చేతులు మెల్లగ, విజయా" అన్న మాట చెవిన పడేదాకా చేతులు కదపబుద్ధి కాదు.

శామీర్‌పేట దాటాక ఉన్న మందుల ఫ్యాక్టరీలో ఆమె నా పై అధికారి. పెళ్లి చేసుకోలేదు, తూంకుంటలో ఒక్కరే ఉండేవారు. మేం ఇంజెక్షన్లు నింపే గదిలోకి ఒక్క వెంట్రుక కూడా బయటికి కనబడకుండా తెల్లటి దుస్తులు తొడుక్కుని వెళ్లాలి. ఆ గదిలో అన్నిటికన్నా మురికి వస్తువు మనిషే. మనిషి అడుగుపెడితే చాలు, గాలిలోని దుమ్మును లెక్కపెట్టే యంత్రం పసిగట్టి అంకె పెంచుతుంది. నేను వెళితే ఆ అంకె ఎగిరి గంతేసేది. మేడమ్ వెళితే కదిలేది కాదు. యంత్రం చెడిపోయిందని నేను వాదించి మార్పించాను. కొత్తది కూడా ఆమెను పట్టించుకోలేదు. "నువ్వు వస్తే గదితోని గుడ కొట్లాటకొచ్చినట్టు ఉంటది," అని ఆమె నన్ను వెక్కిరించేవారు. "గది నిన్ను మరిచిపోవాలె. గట్ల నడువు."

గదులే కాదు, మనుషులూ ఆమెను మరిచిపోయేవారు. సుచిత్ర చౌరస్తాలో నేనెక్కే కంపెనీ బస్సు తూంకుంటలో ఆమె కోసం ఆగాలి. ఎన్నోసార్లు ఆగకుండానే పోయేది. నేను అరిచి ఆపించి, డ్రైవర్ యాదగిరిని కడిగేస్తే, "ఆడ ఎవలు లేకుండె అక్కా, నీ తోడు," అని అతను తెల్లబోయేవాడు. ఆమె మాత్రం ఏ కోపమూ లేకుండా ఎక్కి కిటికీ పక్కన కూర్చునేవారు. ఏప్రిల్ ఎండలోనూ ఆమెకు శాలువా ఉండాల్సిందే.

మా యూనిట్ మూసేస్తారని తేలాక అందరం పనుల వేటలో పడ్డాం. వయసు మీద పడ్డ నన్ను, అందులోనూ నోరున్న నన్ను, మేడ్చల్ చుట్టుపక్కల ఏ ఫ్యాక్టరీ పిలవలేదు. మిగిలింది ఐర్లాండ్ ఒక్కటే. మా పని తెలిసినవాళ్లు అక్కడ కావాలట. విజిటర్ వీసా మీద ముందు దిగిపొండి, పని అక్కడే వెతుక్కోవచ్చు అన్నాడొక ఏజెంటు. మా ఆయన తలూపాడు. మేడమ్ మాత్రం ఒప్పుకోలేదు. పని ఖాయం కాకుండా విమానం ఎక్కొద్దన్నారు. "పని దొరకాలంటే ముందుగాల నువ్వు ఆడ ఉండాలె," అన్నారు. "విమానంల పోయి గాదు."

మధ్యాహ్నం క్యాంటీన్ ఖాళీ అయ్యాక నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకునేవారు. ఊరు ఎంచింది, అక్కడి ఫ్యాక్టరీకి దరఖాస్తు పెట్టించింది కూడా ఆమే. కళ్లు మూసుకోమని, బస్సు దిగి ఫ్యాక్టరీ దాకా నడవమనేవారు. వంతెన దాటు, గాలి ఎడమ చెంపకు కొడుతుంది, మఫ్లర్ సర్దుకో. మూల మీద రొట్టెల దుకాణం; తలుపు వానకు ఉబ్బి ఉంటుంది, ఊరికే నెడితే రాదు, పిడి పట్టుకుని కొంచెం పైకెత్తి నెట్టు. ఇదంతా చాదస్తం అని నేను తగువేసుకునేదాన్ని. వాళ్లు మందుల గురించి అడుగుతారు గాని రొట్టెల గురించా? "నీ సదువు కాయితం మీదనే ఉన్నది," అనేవారామె. "ఈమె వచ్చేదా, రాందా అని సూస్తరు వాళ్లు. వచ్చినట్టే ఉండాలె నువ్వు." ఆమె పాస్‌పోర్టు మీద ఒక్క ముద్ర కూడా లేదు. ఇంటర్నెట్‌లో చూసి చెబుతున్నారని నేను అనుకున్నాను.

ఇంటర్వ్యూ మా అపార్ట్‌మెంట్‌లో, పట్టపగలు, కంప్యూటర్ ముందు జరిగింది. అవతల ఇద్దరు. అడగాల్సినవన్నీ అడిగాక, వాళ్లలో జుట్టు నెరిసిన ఆవిడ, మా ఊళ్లో మీరు ఉండగలరా అన్నారు. నా ప్రమేయం లేకుండానే నా నోరు వంతెన దాటింది. మఫ్లర్ సర్దుకుంది. దుకాణం దగ్గర ఆగి, ఆ తలుపును కొంచెం పైకెత్తి నెట్టాలి కదా అంది. ఆ దుకాణాన్ని తన చిన్నతనంలోనే కూల్చేశారని ఆవిడ అన్నారు,, అక్కడిప్పుడు కార్లు నిలుపుతారని చెప్పారు. తరువాత గొంతు తగ్గించి, "మా అమ్మ ఆ తలుపు అట్లాగే తెరిచేది. మీకెవరు చెప్పారు?" అని అడిగారు.

మరునాడు మేడమ్‌ను నిలదీశాను. ఇంటర్వ్యూలో ఆవిడ చిన్నప్పుడే కూలిపోయిన దుకాణం తలుపు సంగతి మీకెలా తెలుసని అడిగాను. "రోజు పోయేదాన్ని గద," అని ఆమె టిఫిన్ డబ్బా మూత పెట్టుకున్నారు.

ఉద్యోగం వచ్చింది. అప్పుడే మొదలైంది. నేను మాట్లాడుతుండగానే మా ఆయన లేచి వెళ్లిపోయేవాడు, గదిలో ఎవరూ లేనట్టు. ఒకరోజు సుచిత్ర చౌరస్తాలో నేను చెయ్యెత్తి నిలబడి ఉండగానే బస్సు పోయింది. ఆటోలో వెళ్లి యాదగిరిని పట్టుకుంటే అదే జవాబు. ఆడ ఎవలు లేకుండె. మా దుస్తులు మార్చుకునే గదికి కిటికీలు లేవు; మనిషి అడుగుపెడితే దీపం దానంతటదే వెలగాలి. ఆ రోజు నాకు వెలగలేదు. చీకట్లో అలాగే నిలబడిపోయాను.

"వచ్చినవా," అంది బెంచీ మీది నుంచి మేడమ్ గొంతు.

"దీపం వెలుగుతలేదు మేడమ్."

"నాకు ఎన్నడు వెలుగలె."

అప్పుడు చెప్పారు. చాలా ఏళ్ల కింద ఆమెకూ అదే ఊళ్లో పని దొరికిందట. పెట్టె కూడా కొనుక్కున్నారట. "అప్పటికే ఆడ ఉండనే ఉంటి. మల్ల పోయేదేముంది అనిపిచ్చింది. పోవాల్సిన తారీకు దాటిపోయింది. గప్పటి సంది ఈడ గుడ సరిగ్గ లేను." ఆ గొంతులో బాధ లేదు. అందుకే నాకు భయమేసింది. "నువ్వు జల్దీ పో విజయా. ఇగ కండ్లు మూసుకొని పోకు. కాళ్లతోని పో."

నాకు భయం వేస్తే కోపం వస్తుంది. మరి ఇదంతా నాకెందుకు నేర్పిండ్రు అని మొదలుపెట్టాను. చేతులూపుతూ, గొంతు చించుకుంటూ, ఆమెను, యాదగిరిని, మా ఆయనను, మూతపడుతున్న కంపెనీని వరసగా దులిపేశాను. దీపం భగ్గున వెలిగింది. బెంచీ మీద ఆమె నేననుకున్నదానికంటే చాలా ముసలివారు. వెలుతురుకు చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు. "గట్లనే ఒర్రుకుంట పో," అన్నారు. "ఆగకు."

ఆగలేదు. అక్కడ పని చేసేందుకు పర్మిట్ అందిన రోజే టికెట్ కొన్నాను. కదలకుండా నిలబడ్డ మనిషిని ఆ దీపం గుర్తించదు, ఇందులో వింతేముంది అని మీరనవచ్చు. నేనే ఆ మాట చాలామందితో అన్నాను. యూనిట్ మూతపడ్డాక మేడమ్ ఫోన్ మోగుతుంది గాని ఎవరూ ఎత్తరు. ఇంటికి వెళ్లి చూసి రమ్మని యాదగిరిని బతిమాలాను. లోపల ఎవరో ఉన్నట్టే ఉందట, లేనట్టూ ఉందట.

ఇక్కడి ఫ్యాక్టరీలో ఆమె నేర్పినట్టే నడుస్తాను, ఆమె నేర్పినట్టే చేతులు కదుపుతాను. పనిమంతురాలినని పేరు వచ్చింది. కానీ లోపలికి వెళ్లేముందు వరండాలో కనబడిన ప్రతి ఒక్కరినీ పేరు పెట్టి పలకరిస్తాను. జవాబు వచ్చేదాకా అక్కడి నుంచి కదలను. రాకపోతే మళ్లీ పిలుస్తాను, ఇంకాస్త గట్టిగా. భారతదేశంలో ఎంత మర్యాద నేర్పుతారో అని వీళ్లు ముచ్చటపడతారు. ఎవరైనా తప్పు మాట అంటే ఊరుకునే రకం కాదు నేను. ఈ ఒక్క మాటను మాత్రం సరిదిద్దలేదు.