మట్టి మిద్దె కింద మంచుకొండల జట్టు

ఆ కాలంలో మా ముదిగుబ్బ వైపు ఎండను ఎవరూ వాతావరణం అనుకునేవాళ్ళు కాదు, ఇంట్లో మనిషి కిందే జమ. అందుకే సిమ్లా అవతలి కొండల నుంచి దిగిన కబడ్డీ జట్టు మొదటి రోజే పోగొట్టుకున్నవాటిని విని ఊరంతా నోరెళ్ళబెట్టింది. ఇద్దరికి స్పృహ, ముగ్గురికి ముక్కు వెంట నెత్తురు, పన్నెండు మందికీ ఆకలి, వాళ్ళ కోచ్‌కు ఒక చెప్పు (కరిగిన తారులో ఇరుక్కుంది, కాలు మాత్రం తిరిగొచ్చింది).

బయటి జట్టును పిలుద్దామని పోటీల కమిటీని వేధించి ఒప్పించింది నేనే. అప్పటికి వేరుశనగ నూనె మిల్లులో తూకాలు రాసేవాణ్ణి. బడి చదువు సగంలో ఆగినా, ఏ లెక్కయినా నోటితోనే తేల్చగలనని గర్వం. రైలు టికెట్లు వారం ముందటివే దొరకడంతో జట్టు ముందే వచ్చేసింది. మా ఊరి జట్టు కెప్టెన్ మా బావ, అంటే మేనత్త కొడుకు. అతను వచ్చి, వరసగా పడుకున్నవాళ్ళను చూసి, "ఏమప్పా, వీళ్ళను ఆడేకి పిలిపిచ్చినావా, వడియాల మాదిరి ఎండబెట్టేకి పిలిపిచ్చినావా? ఆడకుండా పోయినారంటే ఇంగ ఏ ఊరోళ్ళూ మన తట్టు చూడరు. పోటీలు మూసుకోవల్ల" అన్నాడు. "వారంలో ఆడిస్తా బావా" అనేశాను.

తప్పంతా మా మర్యాదలోనే ఉంది. అతిథులు కదా అని, ఊళ్ళోకెల్లా కొత్తదైన రేకుల కప్పు కల్యాణ మండపం వాళ్ళకిచ్చాం. మేమేమో పాత మట్టి మిద్దెల్లో చల్లగా పడుకునేవాళ్ళం. సంగతి చెప్పగానే మేనత్త మండిపడింది. "ఈడికి తోలుకురా! గొర్రెలకు నీడుండే ఇంట్లో మనుషులకు ఉండదా?" పన్నెండు మందీ ఆమె మిద్దెలోకి మారారు. ఇక నా లెక్క మొదలైంది. మొదటి పూట పది నిమిషాల పొద్దుటెండ, రోజూ ఇంకో పది, మెల్లగా మధ్యాహ్నం మూడు దాకా జరుపుతూ. దాహం వేయకముందే నీళ్ళు, ఆడాక ఉప్పు మజ్జిగ, రాగి అంబలి. అంబలి చూసి కోచ్ తన హిందీలో, ఇది తాగడానికా, గోడకు పూయడానికా అని అడిగాడు. "ఏమంటాడురా?" అంది అత్త. "శానా బాగుందంట అత్తా." "అయితే ఇంకో చెంబు పొయ్యి!" పాపం, ఆయన అదీ తాగాడు.

పోటీలు మొదలయ్యేనాటికి ఆ పిల్లలు ఎండలో నవ్వుతూ పరిగెత్తుతున్నారు. ఉదయపు ఆటలన్నీ గెలిచి ఫైనల్లో మా వాళ్ళ ఎదుటికే వచ్చారు. బావకు దిగులు పట్టుకుంది. "ఆట మద్యానం మూడుకు పెట్టిచ్చినా" అన్నాడు నాతో గుట్టుగా. "ఆ పొద్దుకు ఎండే మన తట్టు ఆడతాది." నేను లెక్కేసి, ఆ లెక్క నా దగ్గరే ఉంచుకున్నాను. పుట్టినప్పటి నుంచి మధ్యాహ్నం మూడుకు మా ఊళ్ళో ఏ మగాడూ మిద్దె దాటి ఎరగడు. ఆ వేళ ఎండకు అలవాటు పడ్డవాళ్ళు ఊరు మొత్తం మీద ఆ పన్నెండు మందే.

అనుకున్నట్టే సగం ఆటకే మా వాళ్ళ నాలుకలు బయటికొచ్చాయి. కూతకు వెళ్ళిన బావను కొండ కుర్రాళ్ళు చుట్టేస్తుంటే, గట్టు మీద నుంచి అత్త అరుస్తోంది. "పట్టుకోండి నాయనా, కాలు ఇడవద్దండి!" కింద పడ్డ బావ దుమ్ములోంచి తలెత్తాడు. "అమ్మా, నీ కొడుకును నేను!"

"తెలుసులేరా. వాళ్ళమ్మలు ఈడ లేరు కదా!"

నాలుగు పాయింట్ల తేడాతో ఓడిపోయాం. సాయంత్రం బావ నెత్తిన తడి తువ్వాలు వేసుకుని నన్నడిగాడు. "నువ్వు ఎవురి తట్టురా?" మొన్న మోసుకెళ్ళి మిద్దెలో పడుకోబెట్టిన పిల్లలు గెలిచిన కప్పు ఎత్తుకుని గంతులేస్తుంటే నా ఛాతీ ఎందుకో పొంగిపోతోంది. చివరికి బావే మెత్తబడ్డాడు. "వచ్చే ఏడు ఆ నాలుగూ తిరిగి తీసుకుంటామని చెప్పు వాళ్ళకు." చెప్పాను. కోచ్ బావను కావలించుకుని, తప్పకుండా ఇస్తామన్నాడు.

మరుసటి ఏడు వానలు మొండికేశాయి, పోటీలు జరగలేదు. ఆ తర్వాతా జరగలేదు. ఆ కుర్రాళ్ళకు ఇప్పుడు నా మాదిరే జుట్టు నెరిసి ఉంటుంది. ఊరి ఎండకు పరాయివాళ్ళను అలవాటు చేసిన అప్పటి నాలోని మొనగాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది. పొద్దున పది దాటితే ఇప్పుడు నేనే నీడ వెతుక్కుంటున్నాను. వాళ్ళు తిరిగి ఇస్తామన్న పాయింట్లకు ఇన్నేళ్ళ వడ్డీ ఎలా లెక్కగట్టాలో నాకింకా తేలలేదు. అసలు మాత్రం అలాగే ఉంది, నాలుగు.