గంప వెనక్కి పోయిన రోజు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ‘అమ్మినాం’ అనే మాట వినపడేది కాదు. మా ముత్తాత మూడు ఊళ్ళకు మునసబు. పత్తికొండ తాలూకా కచేరీకి ఆయన గుర్రం మీద వెళితే గుమాస్తాలు లేచి నిలబడేవారట. మా తాతయ్య నాటికి మూడు ఊళ్ళు ఒక ఊరైంది, గుర్రం పోయింది. ఎదుటివాళ్ళు లేచి నిలబడటం మాత్రం మిగిలింది. గొప్ప కోసం చెప్పడం లేదు. మేం ఎంత ఎత్తు నుంచి దిగామో తెలియకపోతే తర్వాతి సంగతి అర్థం కాదు.

మా ఇంటి నుంచి ఏది బయటికి పోయినా మావాళ్ళు ‘ఇచ్చినాం’ అనేవారు. పాడి ఆవులు ఇచ్చినాం, బండి ఇచ్చినాం, వంక పక్క చేను ఎగువవీధి రైతుకు ఇచ్చినాం. అమ్ముకోవడం అంగళ్ళవాళ్ళ పని, ఇవ్వడం మా పని అని నేను గట్టిగా నమ్మాను. ఆ రైతు కూడా ఏటా కోతలయ్యాక తన ఇంట్లో కొత్త గింజ పొయ్యి మీదికి ఎక్కకముందే ఒక గంప కొత్త జొన్నలు మోసుకొచ్చి మా గడప ముందు దించేవాడు. తాతయ్య అరుగు మీద కూర్చుని తల ఊపేవారు. జొన్నలు లోపలికి వెళ్ళేవి. ఆ గంప మాకు ఎంత అవసరమో మా అమ్మకు తెలుసు. పైకి అనేది కాదు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మా మేనమామ అక్కడ కాలేజీలో అర్థశాస్త్రం చెప్పేవారు. ఆ చదువు కాలేజీ దాకా వచ్చిన కొద్దిమందికే దక్కుతోందని, బడిపిల్లలకూ అందాలని ఆయనా, ఆయన స్నేహితులూ ఒక సంఘం పెట్టారు. జీతాలు లేవు, బస్సు ఖర్చులు ఎవరివి వాళ్ళవే. పల్లెల్లో నలుగురూ వినాలంటే పెద్ద ఇంటి పేరు ఒకటి కావాలి కనుక తాతయ్యను అధ్యక్షుణ్ణి చేశారు. తొలి సమావేశం మా చావడిలోనే జరిగింది. అమ్మకం అన్న మాటే పలకని మనిషి అర్థశాస్త్ర సంఘానికి అధ్యక్షుడయ్యారు. అందులో వింత ఉందని అప్పుడు ఎవరికీ తోచలేదు.

తొలి పాఠం మా ఊరి బడిలోనే పెట్టుకున్నారు. డబ్బుల చదువు చెబుతాడని మామయ్యకు ఊళ్ళో అప్పటికే ‘దుడ్ల సారు’ అని పేరు పడింది. “దుడ్లు యాడ పెట్టినావు సార్, సూపీ” అని వెనక బెంచీ నుంచి ఒకడు అడిగితే ఆయన రెండు జేబులూ బయటికి లాగి చూపించారు. తర్వాత ఇళ్ళ నుంచి తెచ్చుకున్న వస్తువులు ఒకరితో ఒకరు మార్చుకోమన్నారు. చింతపండు, శెనక్కాయలు, రేగుపండ్లు చేతులు మారాయి. ఆట అయ్యాక, మోసపోయినవాళ్ళను చెయ్యెత్తమన్నారు. ఎవరూ ఎత్తలేదు. లాభం వచ్చినవాళ్ళను ఎత్తమంటే అందరూ ఎత్తారు. ఇద్దరికీ లాభం ఎలా వస్తుందో ఆయన నిదానంగా విడమరిచి చెప్పారు.

నేను మాత్రం చెయ్యెత్తలేదు. నా బెల్లం ముక్కను పక్క పిల్లకు ఇచ్చాను కానీ, ఆమె చాపిన రేగుపండ్లు తీసుకోలేదు. ఎందుకని మామయ్య అడిగితే లేచి నిటారుగా నిలబడి, “మా ఇంట్లో ఏదీ అమ్మరు సార్, ఇస్తారు. వంక చేను గూడా ఇచ్చినారు” అన్నాను.

ఎగువవీధి రైతు కూతురు నా వెనకే కూర్చుంది.

“ఊరికే ఇచ్చినారా మే? మా నాయన కాడెద్దుల్ని అమ్మి కొన్నాడు ఆ చేను. మాయమ్మ మెళ్ళో గొలుసు గూడా పాయె. మళ్ళ ఏటేటా మీకు గంప మోస్తాండాడు.”

తరగతి అంతా నవ్వింది. మామయ్య నవ్వలేదు. నల్లబల్ల మీద ‘ఇచ్చినారు’ అని, దాని కింద ‘అమ్మినారు’ అని రాశారు. రెండూ మంచి మాటలే అన్నారు. “ఇచ్చినారంటే అవతలోళ్ళు తీసుకున్నట్టు. అమ్మినారంటే అవతలోళ్ళు కొన్నట్టు. వాళ్ళ నాయన తీసుకున్నాడా, కొన్నాడా? అంతే సూడండి.”

సాయంత్రం ఆ ప్రశ్ననే ఉన్నదున్నట్టు తాతయ్యను అడిగాను. మామయ్య అన్నం తింటూ తల ఎత్తలేదు. అధ్యక్షులవారికి కోపమొస్తే సంఘం పని ఆ రోజుతో సరి. తాతయ్య కండువా తీసి, మడిచి, మళ్ళీ భుజాన వేసుకున్నారు.

“పిల్లోళ్ళకు ఇట్లాటివి చెప్పేకా మీ సంఘం?”

“ఇట్లాటివి చెప్పేకే మామా.”



ఆ ఏడు వానలు సరిగా లేక మా పంట అంతంత మాత్రం. గాదెలో అడుగు కనిపిస్తోంది. కోతలయ్యాక అలవాటు ప్రకారం రైతు గంపతో వచ్చాడు. దించబోతుంటే తాతయ్య అరుగు మీద లేచి నిలబడ్డారు.

“దించొద్దప్పా.”

“ఏమన్నా తప్పు జేస్తినా పెద్దయ్యా?”

“నువ్వేం జేయలేదు. ఆ చేను నేను అమ్మినా, నువ్వు కొన్నావు. కొన్నోడు గంప మోసేది యాడన్నా ఉండాదా? ఇంటికి తీసకపో.”

రైతు గంప నెత్తిన పెట్టుకుని అట్లే నిలబడిపోయాడు. తలుపు వెనక మా అమ్మ గంప వైపే చూస్తూ ఉంది. తాతయ్య అరుగు మీద ఒక పక్కకు జరిగి కూర్చుని, “ఆ బరువు కింద పెట్టి రా, కూచో. పోయేటప్పుడు ఎత్తుకుందువు” అన్నారు. మా అరుగు మీద ఆ రైతు కూర్చోవడం అదే మొదలు. చాలాసేపు వానల గురించి మాట్లాడుకున్నారు. పోయేటప్పుడు గంపను తాతయ్యే ఒక చెయ్యి వేసి ఎత్తారు. ఆ వేసవిలో మా ఇంటికి జొన్నలు సంతలో కొని తెచ్చారు. అది కూడా మా ఇంట్లో అంతకుముందు లేదు.

సంఘం నిలిచింది. నందికొట్కూరు వైపు బడులకు వెళ్ళింది, తర్వాత కడప జిల్లాలో ఎర్రగుంట్ల దాకా పాకింది. పోయేదాకా తాతయ్యే అధ్యక్షులు. కొత్త బడికి ఎవరు బయలుదేరినా, ఆ రెండు మాటల పాఠంతో మొదలుపెట్టమని చెప్పి పంపేవారు. ఎందుకని ఆయన ఎవరికీ వివరించలేదు. మామయ్య తరం వాళ్ళు ఒక్కొక్కరే పోయాక సంఘం కూడా ఆగిపోయింది.

వంశం మీద నాకు గౌరవం తగ్గలేదు. ఇప్పటికీ ఎవరి ముందూ వీపు వంచి కూర్చోను. కానీ మా ఆస్తి ఏమైందని ఎవరడిగినా ఆ రోజు తాతయ్య పలికిన మాటతోనే జవాబు చెబుతాను. సంఘం పుట్టిన చావడి ఇప్పుడు ఎగువవీధి రైతు కూతురిది. ఆమె కొన్నది, మేం అమ్మాం.