ఆయన కంచంలో నేను

మా ఆయనకు కడుపులో కేన్సరని తేలాక ఇంట్లో అందరి చూపూ ఆయన కంచం మీదే. కుడతిని పవర్ ప్లాంటు నుంచి బూడిద తోలే లారీలు నడిపిన మనిషి. పూటకు రెండు సంగటి ముద్దలు లాగించేవాడు. అలాంటివాడికి అన్నం వాసనే గిట్టకుండా పోయింది. బళ్ళారిలో చూస్తున్న డాక్టరు అమైనో యాసిడ్ల పొడి రాసిచ్చాడు, నీళ్ళలో కలిపి పూటకో గ్లాసు. "ఇది ఆకలి తెప్పిస్తాదని మాటియ్యలేనమ్మా. కొందరికి పని చేస్తాది, కొందరికి చెయ్యదు. తిండితోపాటే ఇయ్యాల. బరువు ఇంకా తగ్గితే మాత్రం తర్వాతి కీమో ఇయ్యలేం," అన్నాడు. ఆ చివరి మాటే నాకు నిద్ర లేకుండా చేసింది.

మా ఇళ్ళల్లో ఆడవాళ్ళం మొగుడు తిన్న కంచంలోనే తింటాం. సత్యనారాయణపేటలో మిద్దె కట్టుకున్నా, పిల్లలు ఎంత ఎగతాళి చేసినా నేను మానలేదు. ఇంకో కంచంలో తింటే పరాయి ఇంట్లో తిన్నట్టుంటుంది నాకు.

ఆయన నాలుగు మెతుకులు కతికి "సాకు, ఇంక చాలు" అని కంచం నెట్టేసేవాడు. వంటింట్లోకి తెచ్చుకుని, గోడవైపు తిరిగి, మిగిలినదంతా నేను తినేసేదాన్ని. ఆసుపత్రుల చుట్టూ తిరిగి, చాటుగా ఏడ్చి వచ్చాక ఆకలి మండిపోయేది. ఏడ్చినా ఆకలేస్తుందండీ, ఛీ, పాడు కడుపు! గ్లాసులో పొడి నీళ్ళు సగానికి సగం మిగిల్చేవాడు. వట్టి చేదు. మందు పారబోస్తే పాపమని ముక్కు మూసుకుని అవీ నేనే తాగేదాన్ని. ఖాళీ కంచం, ఖాళీ గ్లాసు చూసి మా అత్త దేవుడి పటానికి దండం పెట్టుకునేది. అదంతా ఆయనే తిన్నాడని, నేను మళ్ళీ వడ్డించుకుని తింటున్నానని ఆమె అనుకుంటోందని నాకు తట్టనే లేదు.

కీమోకు ముందు చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు అత్త కూడా వచ్చింది. కాటా ఎక్కిస్తే ఆయన బరువు బాగా పడిపోయి ఉంది. డాక్టరు నొసలు ముడిచి, ఏం తింటున్నాడని అడిగాడు.

"పెట్టిందంతా తింటాండాడు సార్. తిన్నాక తట్టె కడిగినట్టుంటాది. పొడి గూడా చుక్క మిగల్చడు," అంది అత్త గొప్పగా.

"అంత తినీ తగ్గినాడంటే జబ్బు ముదిరిందేమో. ఈసారికి కీమో ఆపి, మళ్ళీ స్కానింగ్ తీయాల."

అత్త మొహం పాలిపోయింది. ఆయన తల వంచుకుని నేల చూస్తున్నాడు. అప్పటికి గాని నా మట్టిబుర్రకు వెలగలేదు.

"సార్, అదంతా తినింది నేను."

"పొడి గూడానా?"

"పొడి గూడా సార్."

పక్కనున్న నర్సు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. డాక్టరు నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

"కంచే చేను మేసినట్టయింది గదే అమ్మీ!" అంది అత్త. భూమి చీలితే దూరిపోదామనిపించింది. ఒళ్ళు చేసిన నా చేతులను కొంగు కింద దాచుకున్నాను.

డాక్టరు వారం గడువిచ్చాడు. ఆయన తిన్నది తిన్నట్టుగా చూసి చెప్పాలి, నేను వేరే కంచంలో తినాలి.

ఆ మధ్యాహ్నం నాకని ఇంకో కంచం తీశాను. ఆయన చూశాడు.

"అప్పుడే తట్టె ఏరు చేసినావా?"

కోపంగా అన్నా తట్టుకునేదాన్ని. మెల్లగా అడిగాడు. "డాక్టరు చెప్పినాడు గదప్పా," అన్నాను, ఆయన మొహం చూడలేక.

ఎప్పటిలాగే నాలుగు మెతుకులు కతికి నెట్టేశాడు. మిగిలిన అన్నం బకెట్లో పారేయబోయాను. పెళ్ళయినప్పటి నుంచి ఆయన ఎంగిలి నేను పారేసింది లేదు.

"ఏయ్, పారేయొద్దు. ఈడికి తే."

కళ్ళు మూసుకుని, ముద్ద వెనక ముద్ద, మాత్రలు మింగినట్టు మింగాడు. పొడి నీళ్ళూ తాగాడు. ఎగదన్నుకొస్తుంటే గొంతు పట్టుకుని ఆపుకున్నాడు. ఆయనకు ఆకలి పుట్టలేదని నాకు తెలుసు. ఆసుపత్రిలో అంతమంది ముందు నేను తలదించుకోవడం చూడలేకపోయాడు, దానికే ఈ పాట్లు.

తినేసి కంచం నావైపు నెట్టాడు. "ఇంగ నువ్వు తిను."

ఒక్క మెతుకు లేని ఆ కంచంలో వడ్డించుకుని ఆయనకు ఎదురుగా కూర్చున్నాను. సిగ్గుతో ముద్ద దిగదనుకున్నాను. కడుపు నిండా తిన్నాను.